బ్రేకుకీ చక్రానికీ నడుమ మూరెడు రబ్బరు

స్టీరింగ్‌ను ఒక పక్కకు పూర్తిగా తిప్పి, బండి ఆపి, ముందు చక్రం వెనకాల టార్చి వేసి చూడండి. బాడీ వైపు నుంచి సన్నటి స్టీలు గొట్టం ఒకటి వచ్చి చిన్న బ్రాకెట్ దగ్గర ఆగిపోతుంది. అక్కణ్నుంచి, ప్యాడ్లను డిస్కుకు నొక్కే కాలిపర్ దాకా చిటికెన వేలంత లావున్న నల్లటి రబ్బరు గొట్టం వంపు తిరిగి వెళుతుంది. మెకానిక్‌లు దాన్ని హోస్ పైపు అంటారు. బానెట్ కింద ఉండే మాస్టర్ సిలిండర్ నుంచి చక్రం దాకా బ్రేక్ ఆయిల్ నడిచే దారి దాదాపు అంతా లోహమే. వంగే గుణం ఉన్నది ఈ మూరెడు ముక్కకే. అది వంగక తప్పదు కూడా. ముందు చక్రం స్టీరింగ్‌తో పాటు కుడికీ ఎడమకీ తిరుగుతుంది, గుంటలో పడి లేచిన ప్రతిసారీ కిందికీ పైకీ ఊగుతుంది. స్టీలు గొట్టాన్ని అలా వంచుతూ పోతే ఎంతో కాలం నిలవదు, విరిగిపోతుంది. వెనక చక్రాలు తిరగకపోయినా ఊగుతాయి కాబట్టి అక్కడా ఇలాంటి హోసులు ఉంటాయి.

సర్వీసుకు ఇచ్చినప్పుడు ప్యాడ్లు చూస్తారు, డిస్కు మీద గీతలు చూస్తారు, బ్రేక్ ఆయిల్ తగ్గితే పోస్తారు. హోస్‌ను వేళ్ల మధ్య పట్టుకుని వంచి చూసేవాళ్లు మాత్రం అరుదు. పదేళ్లు దాటిన కారు కొనుక్కున్నవాళ్లను దాని హోసులు ఎప్పుడైనా మార్చారా అని అడిగితే జవాబు దొరకదు. ప్రాణం ఆధారపడే భాగాన్ని ఇంతగా పట్టించుకోకపోవడం తప్పు. పైగా దీన్ని పరీక్షించడానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు.

ఆ గొట్టం మోసే ఒత్తిడి ఎంతో తెలిస్తే దాని మీద గౌరవం పెరుగుతుంది. మూసి ఉన్న ద్రవం మీద ఒకచోట ఒత్తిడి పెడితే అది తగ్గకుండా అన్ని వైపులకూ అందుతుందని 17వ శతాబ్దంలో బ్లేజ్ పాస్కల్ చెప్పాడు. బ్రేకు పనిచేసేది ఆ సూత్రం మీదే. కాలి బలాన్ని పెడల్ కొన్ని రెట్లు చేస్తుంది, బూస్టర్ దానికి ఇంకొంత కలుపుతుంది. సిగ్నల్ దగ్గర నింపాదిగా ఆపేటప్పుడు గొట్టంలో ఒత్తిడి 20, 30 బార్ల దగ్గర ఉంటుంది. హైవే మీద హఠాత్తుగా గేదె అడ్డం వచ్చి సడన్ బ్రేకు వేస్తే 100 బార్లకు చేరుతుంది. కారు టైరులో ఉండే గాలి ఒత్తిడి రెండు బార్ల పైచిలుకే. కాలిపర్‌లోని పిస్టన్ వ్యాసం 54 మిల్లీమీటర్లు అనుకుంటే దాని ముఖం వైశాల్యం దాదాపు 23 చదరపు సెంటీమీటర్లు. 100 బార్ల దగ్గర ఆ పిస్టన్ ప్యాడ్‌ను రెండు టన్నుల పైచిలుకు బలంతో నొక్కుతుంది. ఆ బలమంతా ఈ రబ్బరు గొట్టం గుండా వెళ్లాల్సిందే.

రబ్బరును ఇంతగా నమ్మడానికి కార్లు తయారుచేసేవాళ్లకే చాలా కాలం పట్టింది. తొలినాళ్ల కార్లలో పెడల్ నుంచి చక్రానికి కడ్డీలు, ఇనుప కేబుళ్లు ఉండేవి. వాటిలో ఒకటి కాస్త వదులైతే చాలు, ఒక చక్రం ముందుగా పట్టి కారు పక్కకు లాగేసేది. అమెరికాలో మాల్కం లాక్‌హీడ్ ద్రవంతో పనిచేసే బ్రేకును రూపొందించాడు. 1921లో డ్యూసెన్‌బర్గ్ మోడల్ ఏ కారు నాలుగు చక్రాలకూ ఆ బ్రేకులతో వచ్చింది. 1924లో క్రైస్లర్ పేరుతో వచ్చిన మొదటి కారుకూ అవే పెట్టారు. ఫోర్డ్ మాత్రం పెడల్ నుంచి చక్రం దాకా తమ కార్లలో ఉన్నదంతా ఉక్కేనని ప్రకటనలు ఇచ్చుకుంటూ, 1939 మోడళ్ల దాకా పాత పద్ధతినే పట్టుకుని ఉంది. ఆ జంకు పూర్తిగా అర్థం లేనిదేమీ కాదు. అప్పట్లో నాలుగు చక్రాలకూ ద్రవం దారి ఒక్కటే. ఎక్కడ ఒక హోస్ పగిలినా నాలుగు బ్రేకులూ ఒకేసారి పోయేవి. ఆ దారిని రెండుగా విడగొట్టడం 1960ల చివర అమెరికాలో చట్టపరంగా తప్పనిసరి అయింది. ఇప్పటి చిన్న కార్లలో ఎక్కువగా ముందు కుడి చక్రానికి వెనక ఎడమ చక్రం జత, ముందు ఎడమకు వెనక కుడి జత. ఒక హోస్ పగిలితే పెడల్ బాగా కిందికి పోతుంది, బండి ఆగడానికి చాలా ఎక్కువ దూరం పడుతుంది. అయినా రెండు చక్రాల బ్రేకులు మిగులుతాయి.

హోస్‌ను అడ్డంగా కోస్తే మధ్యలో కనిపించే రంధ్రం సుమారు మూడు మిల్లీమీటర్లే. దాని చుట్టూ ద్రవాన్ని తాకే లోపలి రబ్బరు పొర, ఆ పైన గట్టి సింథటిక్ దారాలతో అల్లిన రెండు పొరలు, అన్నిటికీ పైన మన కంటికి కనిపించే నల్లటి తొడుగు ఉంటాయి. అంతా కలిపినా లావు పది మిల్లీమీటర్లకు అటూ ఇటూ. ఒత్తిడిని నిజంగా మోసేది దారాల అల్లిక. లోపలి రబ్బరు ద్రవాన్ని బయటికి పోనివ్వదు. పై తొడుగు నీటి నుంచి, ఎండ నుంచి, టైరు ఎగరగొట్టే రాళ్ల నుంచి అల్లికను కాపాడుతుంది. రెండు చివరలా ఉక్కు ఫిట్టింగులను గొట్టం చుట్టూ నొక్కి బిగిస్తారు.

ఈ గొట్టం పరీక్షల్లో ఎంత నెగ్గాలో అమెరికా రవాణా ప్రమాణం 106లో వివరంగా రాసి ఉంది. ఈ సైజు హోస్‌లో నీళ్లు నింపి 4,000 పీఎస్ఐ, అంటే దాదాపు 276 బార్ల ఒత్తిడిని రెండు నిమిషాలు నిలపాలి. ఆ తర్వాత ఒత్తిడి పెంచుతూ పోతే 7,000 పీఎస్ఐ లోపు పగలకూడదు. ఇంకో పరీక్షలో హోస్‌ను యంత్రానికి బిగించి, ఒక కొసను నిమిషానికి 800 సార్లు గుండ్రంగా తిప్పుతూ 35 గంటలు ఊపుతారు. లెక్క వేస్తే 16 లక్షల 80 వేల సార్లు. అయినా చెక్కు చెదరకూడదు. మన దేశంలో ఈ హోసులకు ఐఎస్ 7079 ప్రమాణం ఉంది. కాబట్టి మంచి కంపెనీ హోస్ కొత్తగా ఉన్నప్పుడు మామూలు డ్రైవింగ్‌లో పగలడమన్నది జరిగే పని కాదు. దాన్ని దెబ్బతీసేవి కాలం, వేడి, రాపిడి, తప్పుడు ద్రవాలు, మోటు చేతులు.

రసాయన శాస్త్రం ఇక్కడ ఆసక్తికరంగా ఉంటుంది. సహజ రబ్బరు అణువు పొడవాటి కార్బన్ గొలుసు. ఆ గొలుసు పొడవునా ద్విబంధాలు ఉంటాయి. గాలిలో కొద్దిపాటి ఓజోన్ ఎప్పుడూ ఉంటుంది. అది ఆ ద్విబంధాల దగ్గర గొలుసును తెంచుతుంది. రబ్బరు సాగి ఉన్నచోట అలా తెగిన కొసలు విడిపోయి, సాగిన దిశకు అడ్డంగా పగుళ్లు పడతాయి. పాత టైరు పక్కగోడల మీద కనిపించే సన్నటి చీలికలు అవే. ఇప్పటి బ్రేక్ హోసుల్లో ఎక్కువగా వాడే ఈపీడీఎం రబ్బరులో ప్రధాన గొలుసులో ద్విబంధాలు లేవు. ఉన్న కొద్దిపాటివి పక్క కొమ్మల్లో ఉంటాయి. అక్కడ తెగినా అసలు గొలుసుకు ఏమీ కాదు. అందుకే అది ఎండనూ ఓజోన్‌నూ ఏళ్ల తరబడి తట్టుకుంటుంది.

ఈపీడీఎంను ఎంచుకోవడానికి ఇంకో కారణం ఉంది. మనం బ్రేక్ ఆయిల్ అని కొనే డాట్ 3, డాట్ 4 ద్రవాల్లో పెట్రోలియం నూనె ఉండదు. వాటిలో ప్రధానంగా ఉండేవి గ్లైకాల్ ఈథర్లు. అవి ధ్రువ స్వభావం ఉన్న ద్రవాలు, ఈపీడీఎం అధ్రువ పదార్థం. ఒకే స్వభావం ఉన్నవే ఒకదానిలో ఒకటి కలుస్తాయి కాబట్టి ఈ రెండూ కలవవు. రబ్బరు ఏళ్ల పాటు బ్రేక్ ఆయిల్‌లో నానినా పెద్దగా ఉబ్బదు. కానీ ఇంజన్ ఆయిల్, డీజిల్, కిరోసిన్, గ్రీజు కూడా అధ్రువాలే. అవి ఈపీడీఎంలోకి ఇట్టే చొరబడతాయి. రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది.

మన ఊళ్లలో వాటర్ వాష్ అయ్యాక తుప్పు పట్టకుండా కారు అడుగున డీజిల్ స్ప్రే కొట్టించుకునే అలవాటు ఉంది. కొన్నిచోట్ల వాడేసిన ఇంజన్ ఆయిలే కొడతారు. లోహానికి దాని వల్ల కొంత మేలు జరగొచ్చేమో గానీ, ఆ తుంపర హోసుల మీద, సస్పెన్షన్ బుష్‌ల మీద పడి ఎండేదాకా అక్కడే ఉంటుంది. దయచేసి ఆ పని మానుకోండి. వాషింగ్ కుర్రాడు అడక్కముందే వద్దని చెప్పండి. బ్రేక్ ఆయిల్ డబ్బాలో పొరపాటున ఇంజన్ ఆయిల్ గానీ పవర్ స్టీరింగ్ ఆయిల్ గానీ పోస్తే నష్టం ఇంకా పెద్దది. మాస్టర్ సిలిండర్ నుంచి చక్రాల దాకా ప్రతి సీలూ, ప్రతి హోసూ మార్చాల్సి వస్తుంది.

హోస్ పాడవడంలో రెండు రకాలున్నాయి. బయటికి కనిపించేవి ఒకటి: పగుళ్లు, రాపిడి, ఉబ్బు, చివర ఫిట్టింగ్ దగ్గర చెమ్మ. ఇవి చూస్తే తెలుస్తాయి. నన్ను ఎక్కువ కలవరపెట్టేది రెండోది. పై తొడుగు నిగనిగలాడుతూ ఉంటుంది, లోపలి పొర మాత్రం ఉబ్బో, అల్లిక నుంచి ఊడి వేలాడో దారిని మూసేస్తుంది. కొన్ని కార్లలో హోస్ మధ్యభాగాన్ని ఇనుప బ్రాకెట్ చుట్టి పట్టుకుంటుంది. ఆ బ్రాకెట్ లోపలి వైపు తుప్పు పట్టి, తుప్పు పొర మందమై, గొట్టాన్ని చుట్టూ నొక్కేస్తుంది. తుప్పు ఎప్పుడూ తాను తినేసిన ఇనుము కంటే ఎక్కువ చోటు అడుగుతుంది. మూడు మిల్లీమీటర్ల రంధ్రం అలా సన్నబడితే ఏమవుతుంది?

కాలు నొక్కినప్పుడు వెనక పదుల బార్ల ఒత్తిడి ఉంది కాబట్టి ద్రవం ఆ ఇరుకును తోసుకుని కాలిపర్‌లోకి వెళ్లిపోతుంది. బ్రేకు పడుతుంది. కాలు తీశాక ద్రవం వెనక్కి రావాలి. దాన్ని వెనక్కి తోసేది ఏది? డిస్క్ బ్రేకులో స్ప్రింగు ఏమీ లేదు. పిస్టన్ చుట్టూ ఉన్న చదరపు అంచుల రబ్బరు సీలు బ్రేకు పట్టినప్పుడు కొద్దిగా మెలితిరిగి, వదిలినప్పుడు తన ఆకారానికి వస్తూ పిస్టన్‌ను మిల్లీమీటరులో కొన్ని వంతులు వెనక్కి లాగుతుంది. అంతే. ఆ కాస్త బలం ఇరుకైన దారిలో ద్రవాన్ని తోయలేదు. ఊడిన రబ్బరు పొర బోరు మోటారు ఫుట్‌వాల్వు లాగా ఒకవైపే తెరుచుకుంటుంది. ఒత్తిడి చక్రం దగ్గరే చిక్కుకుపోతుంది, ప్యాడ్ డిస్కును రాసుకుంటూనే ఉంటుంది.

బండి నడిపేవాళ్లకు ఇది ఇలా తెలుస్తుంది. మైలేజీ తగ్గుతుంది. న్యూట్రల్‌లో వదిలితే బండి మునుపటిలా దొర్లదు. బ్రేకు వేసినప్పుడు ఒక పక్కకు, వదిలాక రెండో పక్కకు లాగుతుంది. పాడైన వైపు బ్రేకు ఆలస్యంగా పడుతుంది, ఆలస్యంగా వదులుతుంది మరి. కొంత దూరం నడిపి ఆపితే ఒక చక్రం మిగిలిన వాటి కంటే బాగా వేడిగా ఉంటుంది. దాన్ని ముట్టుకోకండి, డిస్కు చెయ్యి కాల్చేస్తుంది. చక్రానికి కొద్ది దూరంలో అరచెయ్యి పెడితే సెగ తెలుస్తుంది.

ఈ సెగ వెనకే అసలు ప్రమాదం ఉంది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మూత గట్టిగా బిగించి ఉన్నా హోసుల గోడల గుండా కూడా తేమ కొద్దికొద్దిగా లోపలికి చేరుతుంది. కొత్త డాట్ 3 ద్రవం కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. నీరు 3.7 శాతానికి చేరిన స్థితిలో ప్రమాణం అడిగేది 140 డిగ్రీలే. డాట్ 4కు ఆ అంకెలు 230, 155. విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్ల ఉక్కపోతలో ఏళ్లుగా మార్చని బ్రేక్ ఆయిల్, దానికి తోడు రాసుకుంటున్న ప్యాడ్, ఆ మీద అరకు నుంచో శ్రీశైలం నుంచో ఘాట్ రోడ్డు దిగడం. ఈ మూడూ కలిస్తే కాలిపర్‌లో ద్రవం మరిగి ఆవిరి బుడగలు పుడతాయి. ఆవిరి నొక్కితే కుంచించుకుపోతుంది కాబట్టి పెడల్ నేలకు తగులుతుంది, బ్రేకు పడదు.

ఒక చక్రం పట్టేస్తే షెడ్లో మొదట అనుమానించేది కాలిపర్‌నే. కొత్త కాలిపర్ వేస్తారు, కొన్నాళ్లకు మళ్లీ పట్టేస్తుంది. డబ్బు వృథా కాకుండా హోస్‌ను ముందే పట్టుకునే పద్ధతి ఒకటుంది. చక్రాన్ని జాకీతో లేపి, బాడీ కింద స్టాండు పెట్టి, ఒకరిచేత పెడల్ నొక్కించి వదిలించండి. చక్రం చేత్తో తిరగడం లేదనుకుందాం. కాలిపర్ మీది బ్లీడర్ నిపుల్‌ను కొద్దిగా వదులు చేస్తే ద్రవం చిమ్మి చక్రం తిరిగిందా, పిస్టన్ బాగానే ఉందన్నమాట, లోపల ఒత్తిడి చిక్కుకుంది. నిపుల్ తెరిచినా తిరగకపోతే తప్పు కాలిపర్‌దే. ఇప్పుడు నిపుల్ బిగించి మళ్లీ పెడల్ నొక్కించి వదిలించి, ఈసారి హోస్‌కు పైన స్టీలు గొట్టం కలిసే యూనియన్ నట్టు వదులు చేయండి. అక్కడ చక్రం వదిలేస్తే లోపం ఇంకా పైన, మాస్టర్ సిలిండర్ వైపు ఉంది. అక్కడ వదలక నిపుల్ దగ్గర మాత్రమే వదిలితే, మధ్యలో మిగిలింది హోస్ ఒక్కటే.

మామూలు తనిఖీకి ఇంత అక్కర్లేదు. బండి చల్లగా ఉన్నప్పుడు హోస్ మీది మట్టిని తడిగుడ్డతో తుడిచి, ఒక చివర నుంచి రెండో చివర దాకా చూడాలి. ఫిట్టింగ్ దగ్గరి రెండంగుళాల మీద ఎక్కువ దృష్టి పెట్టాలి. వంపు అంతా పడేది అక్కడే. బొటనవేలూ చూపుడువేలూ మధ్య పట్టుకుని మెల్లగా వంచితే, మామూలుగా మూసుకుని ఉండే పగులు నోరు తెరుస్తుంది. అందులోంచి దారం కనిపిస్తే ఇక ఆలోచించడానికేమీ లేదు, మార్చేయాల్సిందే. తర్వాత ఇంజన్ ఆన్ చేసి ఒకరు పెడల్ గట్టిగా నొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు హోస్ పొడవునా వేళ్లతో తడమాలి. ఎక్కడైనా బుడిపె లేచినట్టు తెలిస్తే అక్కడ అల్లిక తెగింది. స్టీరింగ్‌ను ఈ కొస నుంచి ఆ కొస దాకా తిప్పిస్తూ హోస్ టైరుకు గానీ రిమ్ముకు గానీ తగులుతోందేమో చూడాలి. కంపెనీ ఇచ్చిన దాని కంటే వెడల్పు టైర్లు వేయించుకున్నవాళ్లు ఇది తప్పకుండా చూసుకోవాలి. తొడుగు మీద ఒకచోట నున్నగా మెరుస్తూ గీసుకుపోయిన మచ్చ ఉంటే రాపిడి మొదలైనట్టే.

హోసులను షెడ్లలోనే పాడుచేసే పనులు రెండున్నాయి. ప్యాడ్లు మార్చేటప్పుడు విప్పిన కాలిపర్‌ను హోస్‌కే వేలాడదీస్తారు. ఆ బరువుకు ఫిట్టింగ్ దగ్గర లోపలి పొర చిట్లుతుంది. కాలిపర్‌ను ఒక కట్టుతీగతో సస్పెన్షన్ స్ప్రింగుకు కట్టేస్తే సరిపోతుంది. రెండోది, ఆయిల్ కారకుండా హోస్‌ను ప్లయర్‌తోనో గ్రిప్పుతోనో నొక్కి పట్టడం. పైకి మచ్చ కూడా కనిపించదు, లోపలి రబ్బరు చీలిపోతుంది. కొన్ని నెలల తర్వాత ఆ చక్రమే పట్టేస్తుంది.

మార్చాల్సి వస్తే ఒక యాక్సిల్‌కు రెండు వైపులా కలిపి మార్చడం మంచిది. రెండూ ఒకే వయసువి, ఒకటి పోతే రెండోది వెనకాలే ఉంటుంది. కొత్తది కొనేటప్పుడు హోస్ మీద ముద్రించిన తయారీ తేదీ, ప్రమాణం గుర్తు చూడండి. అంగడి అరలో ఏళ్లుగా పడి ఉన్న రబ్బరు కొత్తది కాదు. పని అంతటిలో ఓపిక అడిగేది స్టీలు గొట్టం యూనియన్ నట్టు విప్పడం. అది తుప్పుతో బిగుసుకుని ఉంటుంది. ముందు రోజే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచి, ఫ్లేర్ నట్ స్పానర్‌తో, హోస్ కొసను రెండో స్పానర్‌తో కదలకుండా పట్టి విప్పాలి. మామూలు స్పానర్ జారితే నట్టు రౌండ్ అయిపోతుంది. నట్టుతో పాటు గొట్టం కూడా మెలితిరిగితే హోస్‌తో పోయేది స్టీలు పైపు దాకా వస్తుంది. కాలిపర్ వైపు బ్యాంజో బోల్టు ఉంటే దానికి అటూ ఇటూ ఉండే రాగి వాషర్లు తప్పనిసరిగా కొత్తవి వేయాలి. ఒకసారి నలిగిన రాగి మళ్లీ సరిగ్గా కూర్చోదు. బోల్టు బిగింపు ఎంతో సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. టార్క్ రెంచ్ లేకుండా అంచనా మీద బిగించొద్దు.

చాలా హోసుల మీద పొడవునా ఎదురెదురుగా సన్నటి గీతలుంటాయి. అవి అందం కోసం కాదు, మెలిక కనిపెట్టడానికి. బిగించాక గీత నిటారుగా ఉండకుండా గొట్టం చుట్టూ తిరుగుతుంటే హోస్ మెలిపడింది. వదులు చేసి మళ్లీ బిగించాలి. బిగించాక స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పి చూడాలి. చక్రం వేలాడుతున్నప్పుడూ, బండి దించి బరువు పడ్డాకా హోస్ దేనికీ తగలకూడదు, ఎక్కడా బిగుసుకోకూడదు. ఒలికిన బ్రేక్ ఆయిల్ పెయింటును తినేస్తుంది కాబట్టి వెంటనే నీళ్లతో కడగాలి.

ఇక గొట్టాల్లో చేరిన ఎయిర్ తీయాలి. ఒకరు పెడల్ నొక్కి పట్టుకుంటే ఇంకొకరు నిపుల్ తెరిచి, ద్రవంతో పాటు బుడగలు బయటికి వచ్చాక మూసి, ఆ తర్వాతే పెడల్ వదలమనాలి. బుడగలు లేని ద్రవం వచ్చేదాకా ఇలా చేస్తూ, డబ్బాలో ఆయిల్ అడుగంటకుండా సీలు తీయని కొత్త సీసా నుంచి పోస్తుండాలి. ఏ చక్రంతో మొదలుపెట్టాలన్నది కారును బట్టి మారుతుంది, మాన్యువల్ చెప్పిన వరుస పాటించాలి. డబ్బా ఖాళీ అయి గాలి ఏబీఎస్ యూనిట్‌లోకి వెళితే ఇంటి దగ్గర తీయడం కష్టం. స్కానర్‌తో ఆ యూనిట్ వాల్వులను పనిచేయించే వర్క్‌షాప్‌కు వెళ్లాలి. చివరగా ఇంజన్ ఆన్ చేసి పెడల్‌ను బలంగా నొక్కి ఒక నిమిషం పట్టి ఉంచి, విప్పి బిగించిన ప్రతి జాయింటునూ పొడి కాగితంతో అద్ది చూడండి. చెమ్మ అంటితే రోడ్డెక్కొద్దు. పెడల్ స్పాంజిలా మెత్తగా ఉంటే ఇంకా ఎయిర్ ఉన్నట్టే. గట్టిగా నిలిస్తేనే ఖాళీ రోడ్డు మీద మెల్లగా నడిపి బ్రేకు వేసి చూసి, తిరిగొచ్చాక ఆ జాయింట్లను మరోసారి చూడండి.